నాలుగున్నర శ్రుతి

ఆగస్టు 12, సోమవారం

తమ్ముడు ఫణికి మాత్ర మార్చారు. ఇది మూడో రకం. మొదటి రెండూ పని చెయ్యలేదు. పోయిన వారం వంటింట్లో ఫిట్ వచ్చి పడ్డప్పుడు మోచెయ్యి వేడి పెనానికి తగిలింది. తోలు ఊడింది. పంజాగుట్ట డాక్టరు కట్టు విప్పి చూసి, ఈ మాత్రకైనా ఫిట్స్ ఆగాలి, ఆగకపోతే మన చేతిలో పెద్దగా ఏమీ లేదన్నాడు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాడు. మొదలుపెట్టాక ఉన్నట్టుండి మానకూడదు. మానితే మునుపటికన్నా ఎక్కువగా వస్తాయి, నిద్రలో వస్తే ప్రాణం మీదికి తెస్తాయి. రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నా మొహంలోకి చూసి చెప్పాడు.

భోజనమయ్యాక మాత్ర నా చేత్తో ఇచ్చాను. తల్లీ, దీనికైనా ఆగనీ.

ఆగస్టు 20, మంగళవారం

వారం దాటింది. ఒక్క ఫిట్ లేదు.

ఆగస్టు 29, గురువారం

ఈ ఇంట్లో ఏళ్ల తరబడి ఒకేలా తెల్లవారుతోంది. నేను దీపం పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టి, స్పీకర్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చుతాను. ముందు నా స్తోత్రం. అది అవగానే ఫణి సింఫనీ, అందులో రెండో భాగం, వాడి మాటలో రెండో మూవ్‌మెంట్. ఎవరో జర్మన్ ఆయన రాసింది, ఎప్పుడో వియన్నాలో రికార్డు చేసింది. మొదటి వయొలిన్లు అందుకోగానే ఫణి గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. గుడ్ మార్నింగ్ అనడు. "ఎఫ్ మైనర్, అక్కా" అంటాడు. నేను ఊఁ అంటాను. పాట అయ్యేసరికి పాలు పొంగుతాయి. కాఫీ కలుపుతాను.

వాడిది అలాంటి చెవి. ఏ చప్పుడు విన్నా అది ఏ స్వరమో చెప్పేస్తాడు. కుక్కర్ విజిలు, లిఫ్టు, మెట్రో తలుపులు మూసుకునే ముందు మోగే గంట. చిన్నప్పుడు నాన్నగారు గ్లాసుల మీద చెంచాతో కొట్టి చుట్టాలకి చూపించేవారు. అమీర్‌పేటలో వాడి దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లల్ని కూడా ఏది విన్నా మూడు ప్రశ్నలు అడుగుతాడు. టెంపో ఏంటి? కీ ఏంటి? మూడ్ ఏంటి?

ఇవాళ గుమ్మంలోకి వచ్చి మాట్లాడలేదు. పాట సగంలో ఉండగా వచ్చి స్పీకర్‌కి చెవి ఆనించాడు. ఇది ఇ మైనర్‌లో ఉంది, ఎవరు మార్చారు అని అడిగాడు. ఎవరూ మార్చలేదన్నాను. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశాడు. ట్యూనర్ ఎఫ్ అనే చూపించింది. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

కాఫీ చల్లారిపోయింది.

ఆగస్టు 31, శనివారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఆశ్చర్యపోలేదు. ఈ మాత్ర వేసుకునేవాళ్లలో ఎక్కడో ఒకరికి ఇలా అవుతుందట. అన్నీ అర మెట్టు కిందికి వినిపిస్తాయట. మామూలువాళ్లకి అసలు తెలియదు, మీ తమ్ముడి లాంటి చెవి ఉన్నవాళ్లకే తెలుస్తుంది అన్నాడు. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు. ఆరు నెలలు ఫిట్స్ లేకుండా గడిస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడు మార్చను. పెనం మాట మర్చిపోయారా అన్నాడు.

ఆటోలో ఫణి మెట్రో పిల్లర్లు చూస్తూ కూర్చున్నాడు.

సెప్టెంబర్ 9, సోమవారం

క్లాసులు మానేశాడు. పిల్లలు సరిగ్గా వాయించినా తప్పు వాయించినట్టు వినిపిస్తోందట. ఒక పాపని అనవసరంగా తిట్టాడట. వయొలిన్ పెట్టె మంచం కిందికి తోసేశాడు.

సెప్టెంబర్ 22, ఆదివారం

సుకన్య వచ్చింది. మా ముగ్గురిలో మధ్యది. మాసబ్ ట్యాంక్‌లో గవర్నమెంటు ఆఫీసులో పని. వచ్చినప్పుడల్లా ముందు మాత్రల డబ్బా తీసి చూస్తుంది. ఫిట్స్ ఆగాయా లేదా, అది చెప్పండి అంది. ఆగాయన్నాను. మరింకేం, అర మెట్టు పోతే పోయింది, ప్రాణం ఉంది కదా అంది. నా మనసులో ఉన్నదే అది పైకి అంది. నేను అననందుకు నాకేమీ పుణ్యం లేదు.

ఫణి కోప్పడలేదు. తింటూ తింటూ నెమ్మదిగా చెప్పాడు. వయొలిన్‌కి నాలుగు తీగలు. ఎఫ్ మైనర్‌లో ఒక్క తీగే తెరిచి మోగుతుంది, మిగతా మూడింటి మీదా ప్రతి స్వరమూ వేలి కింద నొక్కిపెట్టాల్సిందే. అందుకే ఆ మూవ్‌మెంట్ అలా ఉంటుంది, నోరు మూసుకుని ఏడ్చినట్టు. ఇ మైనర్‌లో నాలుగు తీగలూ మోగుతాయి. ఆ రాసినాయన నొక్కిపెట్టమన్న చోట ఇప్పుడు నాకు అన్నీ మోగుతున్నాయి చిన్నక్కా. టెంపో అదే. కీ వేరు. మూడ్ లేదు.

సుకన్య పెరుగు వేసుకుంది.

నాకూ కొంత పాట వచ్చు. కచేరీలు చేసేంత కాదు, గుళ్లో పదిమందిని కూర్చోబెట్టి పాడించేంత. వాళ్లు కీ అనేది మాకు శ్రుతి, మా పాటకి శ్రుతి అంటే గొంతుకి కుదిరింది. జలుబు చేస్తే అర శ్రుతి దించుకుంటాం. పాట మారదు. రాగం మారదు. దేవుడికీ తేడా తెలియదు. వాడి బాధ నాకు పుస్తకంలో చదివినట్టు అర్థమవుతుంది, అంతే.

సెప్టెంబర్ 23, సోమవారం

స్తోత్రం అవగానే స్పీకర్ కట్టేశాను. వాడే కట్టెయ్యమన్నాడు. పాలు ఎప్పుడు పొంగాయో చూసుకోలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

వాడు స్నానం మానేశాడు. రెండు రోజులుగా అదే లుంగీ. పలకరిస్తే పలుకుతాడు. అంతవరకే. పొద్దున్న దీపం దగ్గర కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. అది అమ్మవారే ఇచ్చిందనుకున్నాను.

వాడి చెవి అర మెట్టు దిగింది. పాటని అర మెట్టు ఎక్కిస్తే?

పెన్‌డ్రైవ్ తీసుకుని అమీర్‌పేట వెళ్లాను. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఓంప్రకాష్ అని ఒకతను పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. గుడి ఉత్సవాల సీడీలు అతనే చేసిచ్చాడు. విషయం చెప్పాను. వాడి సంగతి చెప్పలేదు, పాట సంగతే. ఒక నిమిషం విని, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపాడు.

"ఎవలన్న పోయిన్రా అమ్మా? గింత ఏడుపున్నది."

ఎవరూ పోలేదన్నాను. ఎక్కించుడే కదా, పది నిమిషాల పని, కూసోండ్రి అన్నాడు.

అక్టోబర్ 5, శనివారం

ఫణి డాబా మీదికి వెళ్లినప్పుడు చిన్నగా పెట్టి విన్నాను. నా శ్రుతిపెట్టె దగ్గర పెట్టుకున్నాను. ఇదివరకు ఆ పాట నాలుగు శ్రుతిలో, అంటే ఫణి ఎఫ్ అనే చోట, నిలిచేది. ఇప్పుడు నాలుగున్నరలో నిలిచింది. సంతోషించాను. కానీ పాలు పొంగకముందే పాట అయిపోయింది.

నడక మారింది. మళ్లీ వెళ్లాను. ఓంప్రకాష్ నెత్తి గోక్కున్నాడు. స్పీడ్ పెంచితే సుర్ అదే ఎక్కుతది అని అట్ల జేసిన అన్నాడు. మీకెట్ల దొరికింది అమ్మా, పెళ్లోళ్లు ఒక్కలు సుత పట్టరు అన్నాడు. పాల సంగతి చెప్తే నవ్వాడు. ఈసారి నడక కదలకుండా శ్రుతి ఒక్కటే పెంచాడు.

అక్టోబర్ 7, సోమవారం, ఉదయం

స్తోత్రం అయ్యాక కట్టెయ్యలేదు. వయొలిన్లు అందుకున్నాయి. లోపల మంచం కిర్రుమంది. ఫణి గుమ్మంలోకి వచ్చాడు. పాట మొత్తం నిలబడి విన్నాడు. పాలు పొంగాయి. నేను పొయ్యి తగ్గించాను.

"ఎఫ్ మైనర్, అక్కా."

ఊఁ అన్నాను.

చెవి సర్దుకుంటోంది, కొందరికి సర్దుకుంటుందన్నాడు కదా డాక్టరు, అన్నాడు. వయొలిన్లు కొంచెం పల్చగా ఉన్నాయేంటి అని అడిగాడు. స్పీకర్ పాతబడిందన్నాను. నేను వాడితో ఆడిన మొదటి అబద్ధం ఇదే. పాట అబద్ధం కాదనుకున్నాను. అది మందు అనుకున్నాను.

స్నానం చేశాడు. గడ్డం గీసుకున్నాడు.

అక్టోబర్ 20, ఆదివారం

ఉదయలక్ష్మి గారు వచ్చారు. సిటీలో వెస్టర్న్ వాయించేవాళ్లని ఒక చోట చేర్చి ఏడాదికి రెండు ప్రోగ్రాములు పెడతారు. నవంబర్ 24న పంజాగుట్టలో ఒక హాల్లో పెడుతున్నారట. ఫణి సింఫనీలో ఆ రెండో మూవ్‌మెంట్‌నే ఉత్త తీగ వాద్యాలకి సర్ది రాసుకున్నారట. ముందు కూర్చుని నడిపించేది ఫణీంద్రే అవ్వాలన్నారు. "రత్నమాల గారూ, మీ తమ్ముడు లేకపోతే ఇది వద్దు, ఇంకేదైనా చేసుకుంటాం," అన్నారు.

ఫణి చూసి చెబుతానన్నాడు. ఆవిడ వెళ్లాక రాత్రి దాకా ఇంట్లో అటూ ఇటూ నడిచాడు.

మాత్రలు ఇక తనే వేసుకుంటాడట. చిన్నపిల్లాణ్ని కాదన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

నవంబర్ 2, శనివారం

కార్తీకం మొదలు. చీకటితోనే లేచి తులసి దగ్గర దీపం పెట్టాను.

ఫణి మంచం కింద నుంచి వయొలిన్ తీశాడు. తీగలు బిగించాడు. ఒక్క స్వరం లాగి ఆపేశాడు. మళ్లీ లాగాడు. కాసేపటికి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు కూర్చున్నట్టు. సింఫనీ సరిగ్గా వినిపిస్తోంది, వయొలిన్ అలా వినిపించట్లేదు. మెట్రో గంట కూడా కిందికే ఉంది. సింఫనీ ఒక్కటే ఎందుకు తిరిగొచ్చింది అని అడిగాడు.

అప్పుడు చెప్పాల్సింది.

రోజూ విన్నది కాబట్టి ముందు వచ్చిందేమో, మిగతావీ ఒక్కొక్కటే వస్తాయేమో అన్నాను. వాడు ఆ మాటని చాలాసేపు చేతిలో పట్టుకున్నట్టు కూర్చున్నాడు. అవును, అయ్యుండొచ్చు, కొంచెం తోస్తే వచ్చేస్తాయి అన్నాడు.

కొంచెం తొయ్యడం అంటే ఏంటో నేను అడగలేదు.

నవంబర్ 14, గురువారం

వయొలిన్ తిరిగి వచ్చిందట. మెట్రో గంట కూడా. రోజంతా వాయిస్తున్నాడు. కొబ్బరికాయ కొట్టాను.

నవంబర్ 15, శుక్రవారం

పున్నమి. ఉపవాసం. సాయంత్రం గుళ్లో దీపాలు. ఫణి నాతో వచ్చాడు, ఎన్నేళ్లకో. క్యూలో నిలబడి గుడి గంట ఏ స్వరమో చెప్పాడు. పక్కనున్నావిడ పంతులుగారి అబ్బాయా అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

నవంబర్ 18, సోమవారం

ఇవాళ పొద్దున్న పాట సగంలో ఉండగా వచ్చాడు. గుమ్మంలో తల పక్కకి వంచి విన్నాడు.

"అక్కా, ఇది పైకి పోయిందేంటి? ఎఫ్ షార్ప్‌లో ఉంది."

నా చేతిలో గరిటె ఉంది. నాలుగు రోజులుగా ఇలాగే వినిపిస్తోంది, చెప్తే భయపడతావని ఊరుకున్నానన్నాడు. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇది ఒక్కటే ఎక్కింది. చెవి ఇంకోవైపు తిరగబడుతోందా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

వాడు వెళ్లాక దేవుడి ముందు కూర్చున్నాను. పెదవులు స్తోత్రం చదువుతున్నాయి. తల లెక్క కడుతోంది.

ఆ పాట నిజంగానే ఎఫ్ షార్ప్. నేనే ఎక్కించాను. మాత్ర మింగుతున్నవాడికి అది అర మెట్టు దిగి ఎఫ్ మైనర్‌గానే వినిపించాలి. ఉన్నది ఉన్నట్టు వినిపించిందంటే వాడు మాత్ర మింగట్లేదు.

నవంబర్ 19, మంగళవారం

మాత్రల డబ్బా చూశాను. అట్టలో గుంటలు ఏ రోజుకారోజు ఖాళీ అయ్యే ఉన్నాయి. డబ్బా చూస్తే వేసుకుంటున్నాడు. పాట వింటే వేసుకోవట్లేదు. డబ్బా చూసేవాళ్లు సుకన్య, డాక్టరు. పాట సంగతి తెలిసింది నాకొక్కదానికే.

డాక్టరు ఊళ్లో లేడు. సోమవారం వస్తాడట. అసిస్టెంటు అమ్మాయి మాత్రం వెంటనే తీసుకురండి, లేకపోతే ఇవాళే మళ్లీ మొదలుపెట్టించండి, వాయిదా వెయ్యకండి అంది.

నేను పాట సంగతి ఒప్పుకోకుండా వాణ్ని మాత్ర సంగతి అడగలేను. రేపు పొద్దున్న అడుగుతాను. తల్లీ, నాకు నోట మాట రానివ్వు.

నవంబర్ 20, బుధవారం

పాలు పొయ్యి మీద ఉన్నాయి. పాట నడుస్తోంది. వాడు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ పాట నేనే మార్పించానురా," అన్నాను.

"తెలుసు."

నిన్న సాయంత్రం ట్యూనర్ పెట్టి చూశాడట. చెవి కాదు, ఫైలే పైకి ఉందని తేలిందట. కోప్పడతాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని నవ్వాడు.

"నాలుగు రోజులు పిచ్చెక్కుతోందేమోనని చచ్చానక్కా. నా చెవి కరెక్టేనన్నమాట. నీ పెన్‌డ్రైవే దొంగది."

"మాత్రలు ఎప్పుడు మానేశావు?"

నవ్వు ఆగింది. డబ్బా చూశావా అన్నాడు. డబ్బా సరిగ్గానే ఉందన్నాను. మాత్ర వేసుకునేవాడికి ఆ పాట ఎఫ్ మైనర్‌లోనే వినిపించాలి కదరా అన్నాను. ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు.

దీపావళి వెళ్లిన వారానికి మానేశాడట. మూడు నెలలు చెవిటివాడిలా బతికాను, ఒక్క పాట తిరిగొచ్చేసరికి మిగతావీ కావాలనిపించింది అన్నాడు. ఆ ఒక్క పాటా రాలేదురా, నేను తెచ్చాను అన్నాను. ఎలా వస్తేనేం అన్నాడు.

ఇప్పుడే వేసుకోమన్నాను. ఇప్పుడు వేసుకుంటే ఆదివారానికి మళ్లీ దిగిపోతుంది అన్నాడు. ముందు కూర్చుని నడిపించేవాడు నేను, నా చెయ్యి ఒకటీ నా చెవి ఒకటీ అంటే ఇరవై మందిని ముంచుతాను అన్నాడు.

"నువ్వు ఫైలు సంగతి దాచావు, నేను మాత్ర సంగతి దాచాను. చెల్లుకి చెల్లు. ఆదివారం ప్రోగ్రాం అవగానే హాల్లోనే నీ చేత్తో వెయ్యి, మింగేస్తాను. చిన్నక్కకి చెప్పకు."

పాలు పొంగాయి. పొయ్యి తగ్గించాను.

సరే అన్నాను.

నవంబర్ 21, గురువారం

సరే అని ఎందుకన్నానో దేవుడి ముందు కూర్చుని అడిగాను.

వాడి గదిలోంచి వయొలిన్. నేను పుస్తకం మూసి విన్నాను. శ్రుతిపెట్టె పెట్టాను, నాలుగులో. కచ్చితంగా నాలుగులో ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

మధ్యాహ్నం మాత్ర ఒకటి రోట్లో వేసి పొడి చేశాను. కాఫీలో కలిపాను. గ్లాసు పట్టుకుని వాడి గది తలుపు దాకా వెళ్లాను. రిహార్సల్‌కి బయల్దేరుతున్నాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. నన్ను చూసి కాఫీ కోసం చెయ్యి చాపాడు.

మళ్లీ అబద్ధమే కదా అనిపించింది. ఒకటి ఆడి ఇంత దూరం తెచ్చాను. ఈ వయసులో నాకు కొత్తగా ఈ విద్య ఎందుకు అనిపించింది.

ఈగ పడింది, వేరేది తెస్తానన్నాను. సింకులో పారబోశాను.

నవంబర్ 23, శనివారం

పాత పాట తిరిగి పెట్టించమని ఫణి అడిగాడు. రేపు పొద్దున్న అసలుది విని బయల్దేరతాడట. అమీర్‌పేట వెళ్లాను. ఓంప్రకాష్ ఏం కథ అమ్మా మీది, ఎక్కించుడు దించుడు అన్నాడు. అసలుది అతని కంప్యూటర్‌లో ఉంది. రెండూ పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుతా, ముందు పాతది మోగుతది అన్నాడు. డబ్బు తీసుకోలేదు. రేపు తమ్ముడి ప్రోగ్రాం అని చెప్పాను. "మస్తు చేస్తడు తియ్ అమ్మా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఫణి పెందలాడే పడుకున్నాడు. రేపటికి మాత్ర నా పర్సులో పెట్టుకున్నాను.

నవంబర్ 24, ఆదివారం

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

డిసెంబర్ 6, శుక్రవారం

మైల తీరింది. దీపం పెట్టాను. కార్తీకం చివరి వారం దీపం లేకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజుది రాయాలి.

స్తోత్రం అయింది. పాత పాట మొదలైంది. గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్లకి అసలుది, ఇన్నాళ్లకి అసలు చెవి. ఎఫ్ మైనర్ అంటాడు, ఊఁ అందామని నోట్లో పెట్టుకుని ఉన్నాను. వయొలిన్లు అందుకున్నాయి. రాలేదు. ప్రోగ్రాం ఆలోచనతో రాత్రి నిద్ర పట్టి ఉండదు, పడుకోనీ అనుకున్నాను. పాట చివరికి వచ్చింది. పాలు పొంగాయి, నేను కదల్లేదు. అప్పుడు నా కాళ్లకి తెలిసింది.

బోర్లా ఉన్నాడు. మొహం దిండులో ఉంది. దుప్పటి కాళ్ల దగ్గర మెలితిరిగి ఉంది. వయొలిన్ పెట్టె మంచం పక్కన నిలబెట్టి ఉంది. తెల్ల చొక్కా కొక్కేనికే ఉంది.

నిద్రలో వచ్చిందన్నారు. చీకటితోనే ఎప్పుడో. నేను దీపం వెలిగించేటప్పటికే అయిపోయి ఉంటుందన్నారు.

చూడ్డానికి వచ్చిన డాక్టరు మాత్రలు వేసుకుంటున్నాడా అని అడిగాడు. సుకన్య నా కన్నా ముందు జవాబు చెప్పింది, డబ్బా తీసి చూపించింది, ఒక్క రోజు తప్పలేదు చూడండి అంది. దాని గొంతులో ఎంత నమ్మకమో. నేను అడ్డుపడి, లేదు, వేసుకోవట్లేదు, నాకు తెలుసు అన్నాను.

సుకన్య నన్ను చూసింది.

"తెలిసి ఊరుకున్నావా అక్కా?"

అవునన్నాను. పాట సంగతి కూడా చెప్పాను, మొదటి నుంచీ. కాఫీ సంగతీ చెప్పాను. అన్నీ విని, కాఫీ దగ్గర మాత్రం మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. అంతే, ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. సుకన్య భర్త అచ్యుతరావు గారు కర్మ చేశారు. ఏదైనా అవసరమైతే ఆయనే వచ్చి అడిగేవారు. వెళ్లిపోయే రోజు సుకన్య గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఏదో అంటుందనుకున్నాను. చెప్పులు వేసుకుంది.

ఉదయలక్ష్మి గారు ఫోన్ చేశారు. ఆ మూవ్‌మెంట్ తీసేసి మిగతావి వాయించామన్నారు.

ఇవాళ తులసికోటలో మట్టి కదిలించాను. వేళ్లకి తెల్లగా అంటుకుంది. మాత్రలు. కార్తీకంలో రోజూ పొద్దున్న నేను నీళ్లు పోసి చుట్టూ తిరిగి దణ్ణం పెట్టిన చోటే.

డిసెంబర్ 11, బుధవారం

పారాయణకి రమ్మని గుడి నుంచి మనిషి వచ్చింది. వచ్చే వారం అన్నాను.

కింది హాస్టల్లో కుక్కర్ విజిల్ వేసింది. అది ఏ స్వరమో వాడు ఎన్నోసార్లు చెప్పాడు. గుర్తు రాలేదు.

డిసెంబర్ 29, ఆదివారం

పెన్‌డ్రైవ్ పెట్టాను. పాతదీ, ఎక్కించిందీ రెండూ ఉన్నాయి. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుంటే ఒకటి నాలుగులో నిలిచింది, రెండోది నాలుగున్నరలో.

పెట్టె కట్టేసి, కళ్లు మూసుకుని, వరస చూసుకోకుండా మళ్లీ విన్నాను. ఒకటి. తర్వాత ఇంకొకటి.

ఏది ఏదో తెలియలేదు.

గుమ్మం వైపు చూశాను.